తుపాకీ ‘టిక్’ మంటే: మిస్‌ఫైర్ వెనుక ఉన్న భౌతికశాస్త్రం

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు నగరానికి దక్షిణంగా ఉతై అనే చిన్న పట్టణం ఉంది. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలో కొత్తగా చేరినవారికి శిక్షణ ఇచ్చే కేంద్రం ఒకటి ఇక్కడ ఉంది. తుపాకీ శిక్షణ ఎక్కడ జరిగినా, కాల్చడం ఎలాగో నేర్పితే సరిపోదు. అది పేలనప్పుడు ఏం చేయాలో కూడా నేర్పాలి.

ట్రిగ్గర్ నొక్కినా ‘టిక్’ మన్న చప్పుడు తప్ప ఏమీ జరగకపోతే దాన్ని మిస్‌ఫైర్ అంటారు. వెంటనే తుపాకీ తెరిచి చూడాలనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒక్కోసారి తూటాలోని మందు ఆలస్యంగా అంటుకుంటుంది. అందుకే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి.

ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి సింగిల్ షాట్ రైఫిల్ మంచి ఉదాహరణ. ఒకసారికి ఒకే తూటా పట్టే ఈ తుపాకుల్లో 1871లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చిన మార్టిని-హెన్రీ, అమెరికా సైన్యం వాడిన 1873 నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రసిద్ధమైనవి. గురి పోటీల కోసం, చరిత్రపై ఆసక్తి ఉన్నవారి కోసం ఇలాంటి పాత తుపాకుల నకళ్లను కొన్ని దేశాల్లో ఇప్పటికీ తయారు చేస్తున్నారు. ఇవి చూడటానికి అచ్చం పాతవాటిలాగే ఉంటాయి. లోపలి భాగాలు ఒకదానితో ఒకటి ఎంత కచ్చితంగా అమరాయన్నది మాత్రం పైకి కనిపించదు.

ఒక చిన్న దెబ్బ

తూటా అడుగున ప్రైమర్ అనే చిన్న లోహపు గిన్నె ఉంటుంది. అందులోని రసాయన మిశ్రమం దెబ్బ తగిలితే మండుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్‌లో దాగిన శక్తి సుత్తిని కదిలిస్తుంది. సుత్తి ఫైరింగ్ పిన్‌ను కొడుతుంది, పిన్ వెళ్లి ప్రైమర్‌ను నొక్కుతుంది. అక్కడ పుట్టిన మంట అసలు మందును అంటిస్తుంది.

దీనికి ఎంత శక్తి కావాలో తెలుసుకోవడానికి కర్మాగారాల్లో ఉక్కు గుండును వేర్వేరు ఎత్తుల నుంచి ప్రైమర్‌పైకి వదులుతారు. 55 గ్రాముల గుండు 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడితే సుమారు 0.16 జౌళ్ల శక్తి వస్తుంది. 100 గ్రాముల మామిడి పిందె 16 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడినా అంతే శక్తి. సగం ప్రైమర్లు పేలే ఎత్తును సగటుగా తీసుకుని, దానికి ప్రామాణిక విచలనానికి ఐదు రెట్లు కలిపిన ఎత్తులో అన్నీ పేలాలని లెక్క కడతారు. సగటు నుంచి రెండు రెట్లు తీసేసిన ఎత్తులో ఒక్కటి కూడా పేలకూడదు. మొదటి షరతు తూటా నమ్మకంగా పనిచేయడానికి, రెండోది అది చేయి జారితే పేలకుండా ఉండటానికి.

గుంట చెప్పే కథ

పేలని తూటాను పరిశీలిస్తే చాలా సంగతులు తెలుస్తాయి. ప్రైమర్‌పై పిన్ చేసిన గుంట లోతుగా, సరిగ్గా మధ్యలో ఉంటే తుపాకీ తన పని తాను చేసినట్టే. అప్పుడు తూటాకు తేమ లేదా నూనె తగిలిందేమో చూడాలి. గుంట పక్కకు జరిగితే పిన్ అమరికలో తేడా ఉందన్నమాట. పాత నమూనాల్లో కొన్నింటిలో సుత్తి ఒక పక్కన ఉండి, పిన్ ఏటవాలుగా కదులుతుంది కాబట్టి ఈ తేడాకు అవకాశం ఎక్కువ. మొదటిసారి పేలని తూటా రెండో దెబ్బకు పేలిందంటే, ప్రైమర్ తన గూటిలో పూర్తిగా దిగి ఉండకపోవచ్చు. మొదటి దెబ్బ దాన్ని లోపలికి దించడానికే సరిపోయి ఉంటుంది.

గుంట లోతు తక్కువగా ఉంటేనే చిక్కు. స్ప్రింగ్ బలహీనపడి ఉండవచ్చు, పిన్ పొట్టిగా ఉండవచ్చు, పాత గ్రీజు గడ్డకట్టి పిన్‌కు అడ్డుపడుతూ ఉండవచ్చు. నాలుగో కారణం వీటికంటే ప్రమాదకరం. తూటా అడుగుకూ, దాన్ని వెనక నుంచి ఆపే దిమ్మెకూ మధ్య ఖాళీ పెరిగి ఉండవచ్చు. అప్పుడు పిన్ తగలగానే తూటా ముందుకు జరుగుతుంది, దెబ్బ నీరుగారిపోతుంది. హెడ్‌స్పేస్ ఎక్కువైంది అనేది దీన్నే.

గట్టి స్ప్రింగ్ వేస్తే ఈ తుపాకీ మళ్లీ పేలడం మొదలుపెట్టవచ్చు. కానీ ఖాళీ అలాగే ఉంటుంది. పేలినప్పుడు ఇత్తడి గొట్టం వెనక్కి సాగుతుంది. సాగీ సాగీ చిరిగితే, వేడి వాయువు కాల్చేవారి ముఖం వైపు వస్తుంది. అంటే ఆ ‘టిక్’ ఒక హెచ్చరిక. కొత్త స్ప్రింగ్ ఆ హెచ్చరిక వినబడకుండా చేస్తుంది, అంతే. ఒకసారికి ఒక్క కారణాన్నే కొలిచి పరీక్షించాలి అనే నియమం ఇందుకే.

కన్ను చేసిన పొరపాటు

ఖాళీ ఎందుకు పెరుగుతుంది? తయారీలోనే కొలత తప్పి ఉండవచ్చు. లేదా ఒత్తిడిని భరించే భాగాల ఉక్కు మెత్తగా ఉండి క్రమంగా అణగిపోవచ్చు. ఉక్కు మరీ పెళుసుగా ఉంటే అణగదు, ఒక్కసారిగా పగులుతుంది.

ఈ రెండో ప్రమాదాన్ని అమెరికా 1917లో చవిచూసింది. సింగిల్ షాట్ కాకపోయినా, ఎం1903 రైఫిల్ కథ ఇక్కడ పనికొస్తుంది. కొన్ని రైఫిళ్లు పేలి ముక్కలవడంతో విచారణ జరిపారు. అనుభవజ్ఞులైన కార్మికులు కొలిమిలో ఉక్కు రంగు చూసి వేడిని అంచనా వేస్తున్నారని తేలింది. ఎండ బాగా ఉన్న రోజున ఎర్రని ఉక్కు కంటికి మసకగా కనిపిస్తుంది. దాంతో ఇంకా వేడి చేసేవారు. మబ్బు రోజుకూ ఎండ రోజుకూ తేడా 165 డిగ్రీల సెల్సియస్ దాకా ఉండేది. మితిమీరిన వేడికి ఉక్కులోని రేణువులు పెద్దవై లోహం పెళుసుబారింది. ఆ తర్వాత కొలిముల దగ్గర ఉష్ణోగ్రతను కొలిచే పైరోమీటర్లు వచ్చాయి.

కంటికి కనిపించనిదాన్ని కొలవాలన్న ఈ పాఠం ఉతై పొరుగునే, రైలు పట్టాల తయారీలో రోజూ అమలవుతోంది. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన భిలాయ్ కర్మాగారం భారతీయ రైల్వేకు పట్టాలు అందిస్తుంది. కరిగిన ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల భాగాల్లో 1.6 భాగాలు దాటకూడదన్నది రైల్వే నిబంధన. దాటితే చల్లబడిన పట్టా లోపల సన్నని పగుళ్లు పుడతాయి. అందుకే శూన్యంలో వాయువులను లాగేస్తారు, తయారైన పట్టాను అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షిస్తారు.

తుపాకీకి కూడా అలాంటి పరీక్షే కావాలి. ఖాళీని గేజ్‌తో కొలవాలి, మామూలు కంటే ఎక్కువ ఒత్తిడినిచ్చే తూటాతో గొట్టాన్ని పరీక్షించాలి. మన దేశంలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకీ తయారీకే కాదు, మరమ్మతుకూ పరీక్షకూ కూడా లైసెన్స్ ఉండాలి. ‘టిక్’ మన్న తుపాకీ యజమాని చేయాల్సింది రెండే పనులు. అర నిమిషం ఆగి తూటాను జాగ్రత్తగా బయటకు తీయడం, ఆ తర్వాత తుపాకీని, ఆ తూటాను కలిపి లైసెన్స్ ఉన్న నిపుణుడికి చూపించడం.