ఆటోమేటిక్ గేరుపెట్టె: చమురు వేడిమి

పంటను సంతకు చేర్చుటకై మోటారు బండ్లను కొను రైతులలో కొందరు, క్లచ్చి త్రొక్కు పనిలేక తమంత తామే గేర్లు మార్చుకొను ఆటోమేటిక్ బండ్లను కోరుచున్నారు. ఈ యేర్పాటు క్రొత్తది కాదు. అమెరికాలో జనరల్ మోటార్సు వారు 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబైలు కార్లలోనే దీని నమర్చి విక్రయించిరి. సుఖమైన యంత్రమే గాని, దీనికొక శత్రువు గలదు. అది వేడిమి.

ఈ బండ్లలో పెక్కింట ఇంజను బలము గేర్లకు చమురు మూలముగా చేరును. టార్కు కన్వర్టరను గుండ్రని పాత్రలో ఒక చక్రము చమురును విసరగా, ఆ చమురు రెండవ చక్రమును త్రిప్పును. బండి మెల్లగా బరువు లాగునపుడు మొదటిది వడిగాను రెండవది నెమ్మదిగాను తిరుగును. ఆ తేడావలన నష్టపడు బలము చమురులో వేడిగా మారును. కావుననే అరకు, శ్రీశైలము వంటి కనుమదారుల నెక్కునపుడును, ట్రెయిలరు లాగునపుడును, బురదలో చక్రములు ఊరక తిరుగునపుడును చమురు త్వరగా కాగును.

సామాన్యముగా 80 మొదలు 95 సెంటిగ్రేడు డిగ్రీలవరకు క్షేమము. 105 దాటిన చమురు చెడి లోపల జిగటపొర కట్ట నారంభించును. 115 దాటిన రబ్బరు సీళ్ళు గట్టిపడును. 125 దాటిన క్లచ్చి పలకలు జారి మాడును. 80 డిగ్రీలపైన ప్రతి 11 డిగ్రీలకు చమురు ఆయువు సగమగునని మెకానిక్కుల వాడుక లెక్క. నేటి కృత్రిమ చమురులు ఇంతకంటె నోర్చును. కొన్ని బండ్లు 100 డిగ్రీల దాపున నడచునట్లే చేయబడినవి. కావున బండితో నిచ్చిన పుస్తకమే ప్రమాణము.

బెల్లము వండువారు పాకము ముదురకమునుపే పెనము దింపుదురు గదా. ముదిరిన పాకమువలెనే మాడిన చమురును చల్లార్చినంత మాత్రమున మంచిది కాదు.

ఎగువదారిలో గేరును చేతితో తగ్గించి నడుపవలెను. హెచ్చరిక దీపము వెలిగిన, మిట్ట యెక్కి రొప్పు ఎడ్లను నిలిపినట్లు బండిని నీడను నిలిపి, పార్కులో నుంచి, ఇంజను నాపక కొన్ని నిమిషములు తిరుగనీయవలెను. పంపు తిరిగినంతసేపు చమురు కూలరులో ప్రవహించి చల్లారును. చమురు కారుచున్నను, రేడియేటరు నీరు మరుగుచున్నను మాత్రము వెంటనే ఇంజను నాపవలెను.

కూలరు రెక్కలలో జిక్కిన ఊకను, దుమ్మును కడుగుచుండవలెను. చమురు తక్కువైనను, హెచ్చైనను వేడెక్కును. సాధారణముగా ఎర్రగా నుండు చమురు నల్లబడి మాడువాసన వచ్చిన, మెకానిక్కునకు చూపుటకు జాగు చేయరాదు.

2014 మొదలు మన దేశపు చిన్న కార్లలో వచ్చిన ఏ.ఎం.టి. వేరు. అందు టార్కు కన్వర్టరు లేదు. మామూలు క్లచ్చియే వేడెక్కును. మిట్టపై దానిని యాక్సిలరేటరుతో నిలుపక బ్రేకుతో నిలుపవలెను.

చమురు మార్చు వ్యయము కొద్దిపాటిది. గేరుపెట్టెను విప్పి బాగుచేయు వ్యయము దానికి అనేక రెట్లు. అప్పుతో కొన్న బండి కోతలనాళ్ళ మూలబడిన ధాన్యము కళ్ళమున నిలుచును గాని, అప్పు వాయిదా నిలువదు. మన సభ్యులు బండి కొనుటకు మున్నే చమురు వేడిమిని చూపు ముల్లు గాని దీపము గాని దానికి గలదేమో విచారించి, అది యెచ్చటనున్నదో నడుపువానికి చూపింతురు గాక యని మేము కోరుచున్నాము.