పసుపు సన్నతూనీగ: గుర్తింపు, ఆవాసం

ఉపోద్ఘాతం:
తెలుగు వ్యవహారంలో ‘తూనీగ’ అనే ఒక్క పదం రెండు కీటక సమూహాలకు వర్తిస్తోంది. బలమైన దేహంతో వేగంగా, దూరంగా ఎగిరేది మొదటిది. పుల్లవంటి దేహంతో గడ్డిపరకల నడుమ మెల్లగా కదిలేది రెండవది. ఆంగ్లంలో వీటిని డ్రాగన్‌ఫ్లై, డామ్‌సెల్‌ఫ్లై అని వేరుపరుస్తారు. రెండవదానిని ఈ వ్యాసంలో ‘సన్నతూనీగ’ అని వ్యవహరిస్తున్నాను. చెరువుగట్లపై తరచుగా కనిపించే ఒక సన్నతూనీగను పరిచయం చేయడం ఈ వ్యాస ఉద్దేశం. దాని శాస్త్రీయనామం సెరియాగ్రియాన్ కోరమాండెలియానం. 1798లో ఫాబ్రిషియస్ దీనిని వర్ణించాడు. ఆంధ్ర, తమిళ తీరానికి గల కోరమండల్ అనే పేరు ఆ నామంలో నిలిచి ఉంది.

గుర్తింపు:
తూనీగ వాలినప్పుడు రెక్కలను ఇరువైపులా చాచి ఉంచుతుంది. సన్నతూనీగలలో అధికభాగం వాటిని వీపుపై ముడుచుకుంటాయి. అయితే రెక్కలు విప్పి వాలే సన్నతూనీగలూ ఉన్నాయి కనుక ఈ ఒక్క లక్షణమే చాలదు. కళ్ళు తలకు రెండు కొసలలో ఎడంగా ఉండటం, ముందు వెనుక రెక్కలు ఒకే ఆకృతిలో మొదట సన్నగా ఉండటం కూడా గమనించాలి.

ఈ జాతి మగదాని ఉదరం మచ్చలేని నిమ్మపండు పసుపు. పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. కళ్ళు, ఉరోభాగం ఆకుపచ్చ ఛాయలో ఉంటాయి. ఆడదాని ఉదరం మాసిన గోధుమవర్ణం కావడంతో అది వేరే జాతిగా భ్రమ కలిగిస్తుంది. జంటగా ఉన్నప్పుడు మగదానిని బట్టి దానిని గుర్తించడం సులభం. దీని దగ్గరి బంధువైన సెరియాగ్రియాన్ సెరినోరుబెల్లంలో ఉదరపు రెండు కొసలూ ఇటుకరంగులో ఉంటాయి.

ఆవాసం:
నీటిమొక్కలున్న కుంటలు, చెరువులు, వరిమళ్ళు, చిత్తడినేలలు దీని నెలవులు. నీటికి దూరంగా తోటల పచ్చికలోనూ కనిపిస్తుంది. మగది తోకచివరతో ఆడదాని మెడభాగాన్ని పట్టి ఉండగా, ఆడది నీటిమొక్కల కణజాలంలో గుడ్లను చొప్పిస్తుంది. డింభకాలు నీటిలోనే పెరుగుతాయి. వాటి తోకచివర ఆకులవంటి మూడు మొప్పలుంటాయి. దోమపిల్లలు వాటి ఆహారంలో భాగం.

ముగింపు:
గట్టు పొడవునా సిమెంటు గోడ కట్టి నీటిమొక్కలన్నీ తొలగిస్తే, నీరు మిగిలినా గుడ్లుపెట్టే చోటు మిగలదు. అప్పటికీ దూరం నుంచి వచ్చిన పెద్ద తూనీగలు ఆ నీటిపై తిరుగుతూనే ఉండవచ్చు. ‘ఈ చెరువుపై తూనీగలున్నాయి’ అనే వాక్యం అబద్ధం కాదు. కాని సన్నతూనీగ లేకపోవడాన్ని అది చెప్పదు. ఒకే పదం రెండింటినీ కప్పినచోట ఒకదాని నష్టం నమోదు కాదు. కనుక వేరు పేరు పెట్టుకోవడం కేవలం పదకోశ విషయం కాదు, పరిశీలనకు తొలిమెట్టు.