ఒక కీబోర్డు, రెండు కంప్యూటరులు

బల్లమీద రెండు కంప్యూటరులు ప్రక్కప్రక్కన నున్నపుడు వానికి రెండు కీబోర్డులు, రెండు మౌసులు నుండుట సహజము. పని చేయువానికి మాత్రము చేతులు రెండే. ఒక యంత్రముపై నాలుగు పంక్తులు వ్రాసి, జరిగి కూర్చుండి, వేరొక మీటలపలక నందుకొని, మరల వెనుకకు రావలసి యుండును. ఈ శ్రమను తొలగించుటకై పుట్టిన సాఫ్ట్‌వేరును గూర్చి మా చదువరులకు గొంచెము తెలుపదలచితిమి.

నయాపూల్ వంతెన దాటి పాతనగరమున బ్రవేశించినచో, పెండ్లిపత్రికల దుకాణములకు బేరుగాంచిన ఛత్తాబజారు దూరము గాదు. అచ్చట ఉర్దూ, తెలుగు, ఆంగ్లము మూడు లిపులలోను అక్షరములు కూర్చవలసి వచ్చును. ఉర్దూకు ఇన్‌పేజి, తెలుగునకు అను ఖతులు చిరకాలముగా విండోసు యంత్రములపై వాడుకలో నున్నవి. వానికి అలవాటుపడిన పనివాడు పాత యంత్రమును పారవేయజాలడు. చిత్రముల పనికి క్రొత్తదియు గావలెను. దుకాణమా, మిక్కిలి యిరుకు. అట్టి పనివానిని మనస్సునం దుంచుకొని చదివినచో ఈ విషయము సులభముగా బోధపడును.

ఈ పనికి మీటగల పెట్టెలు పూర్వమునుండియు గలవు. మీట నొక్కినపుడెల్ల కీబోర్డు ఒక యంత్రమునుండి మరియొక దానికి మారును. 1996వ సంవత్సరాంతమున అమెరికాలో, సిలికాన్ గ్రాఫిక్స్ వారి శాఖయైన కాస్మో సాఫ్ట్‌వేర్ సంస్థయందు, ఇంజనీర్ల బల్లలపై ఐరిక్సు యంత్ర మొకటి, విండోసు యంత్ర మొకటి యుండెడివి. పెట్టెలు ఖరీదైనవి, పైగా విసుగు పుట్టించునవి. కావున రిచర్డ్ లీ, ఆడమ్ ఫెడర్ అనువారు పెట్టెతో బనిలేకుండ ఆ పని చేయు ప్రోగ్రామును వ్రాసిరి. సంస్థ దానిని అమ్మకమునకు బెట్టలేదు. తరువాత సంస్థయే మూతపడెను. వారికి తోడ్పడిన క్రిస్ షోనెమన్ 2001లో అంతయు మొదటినుండి మరల వ్రాసి, సినర్జీ యను పేర ఎల్లరకు ఉచితముగా విడిచెను. మూలరచన బహిరంగముగా నుండుటచేత, ఒకరు చేయి విడిచినను వేరొకరు పట్టుకొనిరి. 2018లో బారియర్, 2021లో ఇన్‌పుట్ లీప్ అను శాఖలు దానినుండి వెలువడినవి. 2024నుండి ఆ మూలరచన డెస్క్‌ఫ్లో అను పేర సాగుచున్నది. కాస్మోవారి రచన యిట్లు బహిరంగము కాకపోవుటచేతనే షోనెమన్ మొదటినుండి మరల వ్రాయవలసి వచ్చె నని మా యభిప్రాయము.

ఇక నది పనిచేయు విధము. కీబోర్డు, మౌసు తగిలించిన యంత్రము సర్వరు, రెండవది క్లయింటు. రెండును ఒకే నెట్‌వర్కునం దుండవలెను. బాణము మొదటి తెర కుడి యంచునకు జేరగానే రెండవ తెర యెడమ యంచున గనబడును. నిజమునకు బాణ మెచటికిని బోలేదు! సర్వరు తన బాణమును మరుగుపరచి తెర నడుమ నిలుపును. మౌసు కదలినంతనే ఆ కదలికను గొలిచి, ఆ లెక్కను అవతలికి బంపి, బాణమును మరల నడుమనే పెట్టును. అట్లు చేయనిచో బాణము అంచున దగులుకొని కదలిక తెలియకుండ బోవును. క్లయింటు ఆ లెక్కను జూచి తన సొంత బాణమును జరుపుకొనును.

మౌసు సంగతి యింతతో సరి. కష్టమంతయు మీటలయందే యున్నది. ‘ఏ’ యను ఆంగ్లాక్షరపు మీటకు విండోసునందు 65 సంఖ్య. లినక్సువారి ఎక్స్ పద్ధతియందు సాధారణముగా 38. మాక్ యంత్రమునందు సున్న. సంఖ్యను యథాతథముగా బంపినచో అవతల వేరొక యక్షరము పడును. కావున ప్రోగ్రాము తనకు వచ్చిన సంఖ్యను ముందుగా ఉమ్మడి గుర్తుగా మార్చును. అవతలివాడు ఆ గుర్తునకు దన దగ్గర సరియైన మీట యేదో వెదకి నొక్కినట్లు చేయును. షిఫ్టు మీట నొక్కిపట్టి బాణమును అవతలికి దాటించి, అచట వ్రేలెత్తినచో, ఎత్తిన వార్త మొదటి యంత్రమునకును జేరవలెను. చేరనిచో ఆ యంత్రము మీట యింకను నొక్కియే యున్నదని తలంచి, తరువాతి యక్షరముల నన్నిటిని పెద్దవిగా వ్రాయును.

తెలుగునకు మరియొక చిక్కు గలదు. ‘క్ష’ మన కంటికి ఒక్క యక్షరమే. యూనికోడునందు క, పొల్లు, ష అను మూడు సంఖ్యలు. అవతలి యంత్రమున తెలుగు మీటల అమరిక లేనిచో వెదకినను మీట దొరకకపోవచ్చును. కావున రెండు యంత్రములయందును ఒకే అమరిక నుంచుకొనుట మేలు. అను ఖతులు యూనికోడును అనుసరింపవు. వానితో గూర్చిన మాటను నకలుచేసి ఆ ఖతులు లేని యంత్రమున నతికించినచో అర్థములేని గుర్తులు వచ్చును. అది ఈ ప్రోగ్రాము దోషము గాదు.

తలిదండ్రు లొకటి గమనింపవలెను. ప్రతి మీటను జూచి అవతలికి బంపుట ఈ ప్రోగ్రాము వృత్తి. రహస్యపదములను దొంగిలించు ప్రోగ్రాము వృత్తియు నదియే. తొలి సినర్జీయందు వార్తలు గుప్తలేఖనము లేకయే పోయెడివి. రక్షితమార్గమున నడపుడని దానితో వచ్చిన సూచనలే చెప్పెడివి. ఇపుడు గుప్తలేఖనము లోపలనే గలదు. దానిని దీసివేయరాదు. లినక్సునందు పాత ఎక్స్ పద్ధతిలో ఏ ప్రోగ్రామైనను అందరి మీటలను వినగలిగెడిది. దాని స్థానమున వచ్చిన వేలాండ్ పద్ధతి ఈ తలుపును మూసినది. దొంగతోబాటు సినర్జీ వంటివియు బయట నిలిచిపోయెను. తరువాత పీటర్ హట్టరర్ అను నాతడు లిబ్‌ఈఐ అను గ్రంథాలయమును వ్రాసి, యజమాని యనుమతితో మాత్రమే తెరచుకొను చిన్న ద్వారము నేర్పరచెను. మాక్ యంత్రమును అట్లే అనుమతి నడుగును. అడిగినపుడు, ఎవరడుగుచున్నారో చదువక ‘సరే’ యనుట ప్రమాదము.

ప్రయత్నింపగోరు విద్యార్థులు పెద్దల యనుమతితో, ఒక విండోసు యంత్రమును ఒక లినక్సు యంత్రమును గలిపి, రెండవ తెరపై ‘క్షమ’, ‘జ్ఞానము’, ‘స్త్రీ’ అను మాటలను వ్రాసి చూడవచ్చును. ఏ మీటకు ఏమి పడినదో కాగితముపై నెక్కించి, తప్పు గనబడినచో డెస్క్‌ఫ్లో కర్తలకు వ్రాయవచ్చును. మూలరచన యెల్లరకు తెరచియే యున్నది. సీ-ప్లస్-ప్లస్ భాష నేర్చినవారు మీటలను మార్చు భాగమును స్వయముగా జదువుకొనవచ్చును.