ఆసు యంత్రం: అమ్మ భుజం నొప్పికి కొడుకు కనిపెట్టిన మందు

పోచంపల్లి చీర కొనేవాళ్లు రంగు చూస్తారు, అంచు చూస్తారు, పట్టు పట్టి చూస్తారు. ఆ చీర మగ్గమెక్కకముందే ఆ ఇంటి ఆడమనిషి భుజం ఎంత అరిగిందో మాత్రం వాళ్లకు కనబడదు. ఉమ్మడి నల్లగొండ జిల్లా చేనేత ఇళ్లలో భుజాన్ని అలా అరగదీసే పనిని ఆసు పోయడం అంటారు.

గద్వాల, నారాయణపేట నేతకు ఈ పనితో అవసరం లేదు. నల్లగొండ వైపు చిటికి నేతకు మాత్రం ఆసు లేనిదే అడుగు పడదు. ఈ నేతలో బొమ్మ ముందు నూలు మీదే పుడుతుంది. నూలుకు అక్కడక్కడ రబ్బరు పట్టీలతో గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు కింద రంగు ఎక్కదు. ఆ కట్టు విప్పి, మరోచోట కట్టి, మరో రంగులో ముంచుతారు. ఇలా రంగులద్దుకున్న పోగులు మగ్గం మీద పక్కపక్కన చేరితేనే ఏనుగో, పువ్వో, గడో తేలుతుంది. కట్లు సరైన చోట పడాలంటే పేక నూలంతా ముందే చీర పన్నా కొలతకు వరసగా పరిచి ఉండాలి. ఆసు పోసేది అందుకే.

ఆసు చట్రానికి ఒక కొసన ఒకే మేకు ఉంటుంది. సుమారు మీటరు దూరంలో, రెండో కొసన అర్ధచంద్రాకారంలో మేకుల వరస ఉంటుంది. దారం పట్టుకుని ఈ మేకు నుంచి ఆ మేకుకు, అక్కడి నుంచి మళ్లీ ఇటు తిప్పుతూ ఉండాలి. లెక్క ప్రకారం పోగులు పడగానే పక్క మేకుకు జరగాలి. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు అలా తిరగాలి. మీటరు చొప్పున చూసినా అది తొమ్మిది కిలోమీటర్లు. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. లెక్క తప్పితే బొమ్మ చెదురుతుంది కాబట్టి చూపు కూడా మళ్లించడానికి ఉండదు.

ఆలేరు దగ్గర శారాజీపేటలో లక్ష్మమ్మ ఏళ్ల తరబడి ఈ పని చేసింది. భుజాలు పట్టేసి ఇక నావల్ల కాదనే దశకు వచ్చింది. ఆమె కొడుకు చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేసి మగ్గం పనిలోకి వచ్చినవాడు. 1992లో యంత్రం పనికి పూనుకున్నాడు. చూడ్డానికి తేలికనిపించే ఆ చేతి కదలికలో మూడు పనులు కలిసి ఉన్నాయి: దారాన్ని అటూ ఇటూ నడపాలి, మేకు చుట్టూ తిప్పాలి, లెక్క నిండగానే పక్క మేకుకు జరపాలి. మూడూ ఒకే లయలో సాగాలి, పట్టు దారం తెగకూడదు. డబ్బులు అయిపోయాయి. అయినవాళ్లు వద్దన్నారు. హైదరాబాద్ వెళ్లి కూలి చేస్తూ, మిగిలిన డబ్బుతో ఒక్కో భాగం చేయించుకున్నాడు. ఒక కదలిక మాత్రం ఎంతకీ కుదరలేదు. 1999లో బాలానగర్‌లో ఒక కార్ఖానాకు కరెంటు పని మీద వెళ్లినప్పుడు, అక్కడ నడుస్తున్న యంత్రంలో ఆ కదలికే కనబడింది. ఏడేళ్ల చిక్కు అక్కడ విడిపోయింది.

ఆ యంత్రానికి అమ్మ పేరే పెట్టాడు: లక్ష్మీ ఆసు. చీర ఆసు గంటన్నరలో అయిపోతుంది. దారం తెగినప్పుడు మనిషి ముడి వేస్తే చాలు. పల్లె సృజన సంస్థ, దాని వెనుక ఉన్న బ్రిగేడియర్ పోగుల గణేశం ఈ ఆవిష్కరణను నలుగురి ముందుకు తెచ్చారు. 2017లో మల్లేశంకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథే ‘మల్లేశం’ సినిమా అయింది.

ఈ ఆవిష్కరణ విలువ అది దేన్ని ముట్టుకుందో, దేన్ని వదిలేసిందో చూస్తే తెలుస్తుంది. పుట్టపాక తేలియా రుమాలునే తీసుకోండి. నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టిన నూలుతో, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో పడుగూ పేకా రెండింటికీ కట్లు కట్టి నేసే చతురస్రపు గుడ్డ అది. 2020లో భౌగోళిక గుర్తింపు పొందింది. ఏ పోగుకు ఎక్కడ కట్టు పడాలో, మగ్గం మీద పడుగు గీతకు పేక గీత ఎలా అతకాలో మనిషి కన్నే తేల్చాలి. అటువంటి నేర్పు జోలికి ఆసు యంత్రం పోలేదు. మనిషిని అరగదీసే తిప్పుడు పనిని మాత్రమే తన మీద వేసుకుంది. ఏది నేర్పో, ఏది వట్టి చాకిరీయో అంత కచ్చితంగా విడదీయగలిగింది ఆ ఇంట్లో పెరిగిన మనిషి కాబట్టే. చేనేతకు సాయపడాలనుకునే ఇంజనీర్లు, ప్రభుత్వాలు ముందుగా అడగాల్సింది ఉత్పత్తి ఎంత పెరుగుతుందని కాదు, ఈ ఇంట్లో ఎవరికి ఎక్కడ నొప్పి పుడుతోందని.