18 నిండాక సంతకం పిల్లలదే

అమెరికాలో చదువుకునే పిల్లలకు 18 ఏళ్లు నిండితే ఆసుపత్రి వాళ్లు కన్నవాళ్లకు ఒక్క ముక్క కూడా చెప్పరని, రోగుల వివరాల గోప్యతకు సంబంధించిన హిపా చట్టం నోరు కట్టేస్తుందని అక్కడి తెలుగువాళ్లూ, పిల్లల్ని ఎమ్మెస్‌కు పంపిన ఇక్కడి తల్లిదండ్రులూ అనుకుంటుంటారు. దీనికి పూర్తిగా ఎదురు నమ్మకం కూడా అంతే బలంగా ఉంది. ఫీజు కట్టేది మేం, ఇన్సూరెన్స్ మా పేరు మీదే, మాకు చెప్పక ఎవరికి చెప్తారన్నది ఆ ధీమా. రెండూ తప్పే. నా దృష్టిలో రెండోదే ఎక్కువ ప్రమాదకరం. భయపడ్డవాళ్లు కనీసం ఏ కాగితాలు కావాలో వాకబు చేస్తారు. ధీమాగా ఉన్నవాళ్లు అసలు అడగనే అడగరు.

డబ్బు కట్టినంత మాత్రాన హక్కు రాదు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థికి 18 నిండినా, అంతకుముందే కాలేజీలో చేరినా, చదువు రికార్డుల మీద హక్కులన్నీ విద్యార్థివే. పన్ను లెక్కల్లో పిల్లల్ని తమ మీద ఆధారపడినవాళ్లుగా చూపించిన తల్లిదండ్రులకు కాలేజీ వివరాలు ఇవ్వొచ్చు, కానీ ఇచ్చి తీరాలని లేదు. అక్కడ పన్ను కట్టని గుంటూరు, కరీంనగర్ తల్లిదండ్రులకు ఆ వెసులుబాటు అక్కరకు రావడం కష్టం. ఇన్సూరెన్సూ అంతే. 2010లో వచ్చిన చట్టం వల్ల 26 ఏళ్లు వచ్చేదాకా పిల్లల్ని తల్లిదండ్రుల పాలసీలో ఉంచుకోవచ్చు. బిల్లుల వివరాలు ఇంటికి రావచ్చు, వైద్యం రికార్డులు మాత్రం అడిగే హక్కు దాంతో రాదు.

ఇక హిపా. 1996లో వచ్చిన ఈ చట్టం కింద చేసిన నిబంధనలు జనం అనుకునేంత కఠినంగా లేవు. రోగి ఒప్పుకున్నా, అభ్యంతరం చెప్పకపోయినా, బాగోగులు చూసే కుటుంబసభ్యులతో డాక్టర్ మాట్లాడవచ్చు. రోగి స్పృహలో లేకపోతే, అతని మేలు కోసమే అని డాక్టర్‌కు తోస్తే అవసరమైనంత మేరకు చెప్పవచ్చు. అయితే ఇక్కడ ఉన్నదంతా అనుమతే, చెప్పి తీరాలన్న బాధ్యత లేదు. అర్ధరాత్రి ఎమర్జెన్సీ వార్డుకు ఇండియా నుంచి ఫోన్ వస్తే, ఆ గొంతు నిజంగా తల్లిదో కాదో తెలియని నర్సు జాగ్రత్త పడుతుంది. ఆమెను తప్పుపట్టలేం. పిల్లలు ముందే సంతకం చేసిన హిపా అనుమతి పత్రం ఆ సందేహాన్ని చాలావరకు తీరుస్తుంది.

ఇదంతా లాయర్లు పెంచి పోషిస్తున్న భయమని కొందరంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. రోగి నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉండి, కాగితాలేవీ లేకపోతే ఎవరు నిర్ణయించాలో చాలా రాష్ట్రాల చట్టాలు వరుస చెప్తాయి. పెళ్లికాని పిల్లల విషయంలో ఆ వరుసలో తల్లిదండ్రులు ముందే ఉంటారు. కాబట్టి కోర్టుకెళ్లి గార్డియన్‌షిప్ తెచ్చుకుంటే తప్ప అడుగు కదలదనడం అతిశయోక్తి. కానీ ఆ వరుస రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. తల్లీ తండ్రీ చెరో మాట అంటే చిక్కు. పెళ్లయితే ముందు భార్య లేదా భర్త. పైగా వీసా దొరికి, విమానం ఎక్కి చేరేలోపు నిర్ణయాలు ఆగవు. పిల్లలే స్వయంగా న్యూజెర్సీలో ఉన్న బాబాయినో, నమ్మకమైన స్నేహితురాలినో ఒక్కరిని పేరు పెట్టి నియమించే వీలు కాగితంతోనే వస్తుంది. బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం లాంటి వాటికి ఈ వరుసలు వర్తించవు. వాటికి విడిగా డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. డ్యూరబుల్ అయితేనే రాసిన మనిషి స్పృహ కోల్పోయాక కూడా చెల్లుతుంది.

పిల్లల అభ్యంతరం వేరు. ఈ కాగితాలతో అమ్మానాన్నలు తమ జీవితంలోకి తొంగిచూస్తారని వాళ్ల భయం. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. వైద్య నిర్ణయాల అధికారం సాధారణంగా రోగి తానుగా నిర్ణయించుకోలేడని డాక్టర్ తేల్చాకే మొదలవుతుంది. అంతవరకూ మాట పిల్లలదే, ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. హిపా అనుమతిలో ఏయే వివరాలు ఇవ్వాలో వాళ్లే హద్దు గీసుకోవచ్చు. మానసిక చికిత్సలో థెరపిస్టు విడిగా రాసుకున్న నోట్స్‌కు ఎలాగూ ప్రత్యేక అనుమతి కావాలి. చదవనివ్వకుండా, విమానం ఎక్కే హడావుడిలో సంతకాలు పెట్టించుకోవడం అన్యాయం. ప్రతినిధులుగా తల్లిదండ్రులు వద్దనే హక్కు పిల్లలకుంది. అప్పుడు మరెవరినైనా నియమించుకోమని అడగాలి.

వైద్య నిర్ణయాలకు ప్రతినిధిని నియమించే కాగితానికి లాయరు తప్పనిసరి అన్నది కూడా అపోహే. దాన్ని న్యూయార్క్‌లో హెల్త్ కేర్ ప్రాక్సీ, టెక్సస్‌లో మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ అంటారు. రెండు చోట్లా ప్రభుత్వమే ఫారం ఉచితంగా ఇస్తుంది. న్యూయార్క్‌లో ఇద్దరు సాక్షులు చాలు, టెక్సస్‌లో ఇద్దరు సాక్షులైనా నోటరీ అయినా సరే. మేజర్ అయ్యే వయసు అలబామా, నెబ్రాస్కాల్లో 19, మిస్సిసిప్పిలో 21 అని గుర్తుంచుకోవాలి. ఇల్లు ఒక రాష్ట్రంలో, కాలేజీ మరో రాష్ట్రంలో ఉంటే రెండు ఫారాలూ నింపడం మంచిది. తల్లిదండ్రులు ఇండియాలో ఉంటే, దగ్గర్లో ఉన్నవాళ్లను మొదటి ప్రతినిధిగా, తల్లినో తండ్రినో ప్రత్యామ్నాయంగా రాసి, ఒక్కో ప్రతి అందరి ఫోన్లలోనూ ఉంచాలి.