బిగుసుకుపోయిన లాక్‌నట్

మా ఇంట ఇంకను పాత అంబాసిడర్ కారు ఉన్నదంటే కొందరు నవ్వుతారు. ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అయినను కాకినాడ ఆసుపత్రికి పెద్దవారిని తీసుకొని వెళ్లుటకు అంత విశాలమైన వెనుక సీటు గల బండి మాకు వేరొకటి దొరకలేదు.

గత వర్షాకాలములో ముందు టైర్లు రెండును ఒక అంచున అరుగుట గమనించాము. చేతితో అడ్డముగా రాస్తే రంపపు పళ్లవలె తగిలింది. చక్రాల టో-ఇన్ తప్పినదనుటకు ఇది గుర్తు. అలైన్‌మెంట్ షాపు కుర్రవాడు పానా వేసి చూసి, "అయ్యగారూ, లాక్‌నట్ పట్టేసింది. గ్యాస్‌తో కాల్చి తీసేద్దామా?" అన్నాడు. వద్దన్నాము.

స్టీరింగు ర్యాక్ నుండి రెండు ప్రక్కలకు టై రాడ్లు వస్తాయి. వాటి కొనలకు టై రాడ్ ఎండులు మరలతో ఎక్కి ఉంటాయి. ఆ మరలు తిరిగితేనే చక్రపు దిశ సరిచేయగలము. లాక్‌నట్ వాటిని కదలకుండ పట్టి ఉంచుతుంది. ఇనుము తుప్పుగా మారితే మునుపటికన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య చోటు లేదు గనుక ఆ తుప్పే మేకువలె బిగిస్తుంది. సముద్రపు గాలి తగిలే మా ఊళ్లలో ఇది మరీ త్వరగా జరుగును.

మంటకు నట్టు వ్యాకోచించి వదులుతుంది, నిజమే. కాని కొద్ది అంగుళాల దూరములోనే బాల్ జాయింటు, దాని రబ్బరు తొడుగు, లోపలి గ్రీజు ఉన్నాయి. బ్రేకు హోసు కూడ దగ్గరే. తొడుగు కాలితే దుమ్ము, నీరు చేరి జాయింటు అరిగి, ఒకనాడు దారిలోనే ఊడిపోవచ్చును. వెనుక సీటులో ముసలమ్మ ఉండగా స్టీరింగు మాట వినకపోతే ఏమి చేయగలము? మంట తప్పనిసరియైతే ఎండును కూడ మార్చవలెను.

ఇంటివద్దనే ప్రయత్నించాము. జాకీని మాత్రమే నమ్మి కారు క్రిందికి దూరరాదు. స్టాండ్లు పెట్టి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డు వేశాము. మా పెద్దవాడు తీగ బ్రష్‌తో మరలను మెరిసేవరకు రుద్దాడు. పెనిట్రేటింగ్ ఆయిల్ ఉదయం, సాయంత్రం కొట్టాము. ఓపిక లేక రెండవ రోజే పానా వేసినది మేమే. నట్టు మూలలు కొంచెం అరిగాయి. పాత అంబాసిడర్ నట్లు అంగుళాల కొలతవి, మా పానా మిల్లీమీటర్లది! అంగుళాల రింగ్ పానా అరువు తెచ్చాము.

మూడవ రోజు సాయంత్రం నట్టుకు ఒక ప్రక్క బరువైన సుత్తి ఆనించి, రెండవ ప్రక్క చిన్న సుత్తితో చుట్టూ తట్టాము. రాడ్‌ను వేరొక పానాతో పట్టుకొని, మొదట బిగించే వైపునకే కాస్త నొక్కాము. ఇది చాలామంది నమ్మరు, కాని తుప్పు పగులుటకు మంచి ఉపాయము. టక్కుమన్నది! తరువాత పావు చుట్టు వదులు, కొంచెం వెనుకకు, మరల నూనె.

నట్టు వదిలిందని ఎండును వెంటనే త్రిప్పరాదు. ముందు రంగుతో గుర్తు పెట్టి, బయటికి కనిపించే మరలను లెక్కించి వ్రాసుకొనండి. ర్యాక్ రబ్బరు గొట్టపు క్లిప్పు వదులు చేయకపోతే అది మెలిపడి చిరుగుతుంది. కొన్ని కార్లలో ఒక కొనకు ఎడమ మర ఉంటుంది గనుక బలము చూపకముందే చూసుకొనండి.

ఎడమ ప్రక్కది మాత్రం ఐదు రోజులైనను కదలలేదు. చివరికి నట్టు కోయించి, క్రొత్త ఎండు వేయించాము. రెండు ప్రక్కల మరలకు రాగి గ్రీజు పూసి బండిని తిరిగి షాపుకు తీసుకొనిపోతే, ఆ కుర్రవాడే అరగంటలో సరిచేశాడు. అరిగిన టైర్లు ఇంకను అవే. వచ్చే నెల జీతం రాగానే మార్చాలి.