ఇంటి మోటారును ఆపు చిన్న పలక

ట్యాంకు నిండి నీరు పొర్లుచున్నను మోటారు తిరుగుచుండుట మీరెరిగినదే. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో అను నియంత్రణ పలకతో దీనిని మాన్పవచ్చును. దాని నమూనా అందరికిని బాహాటము. ప్రోగ్రామును ఎవరి అవసరము కొలది వారు మార్చుకొనవచ్చును. ట్యాంకులోని ఫ్లోట్ స్విచ్చి పైకి లేవగానే పలక రిలేను కదలించును. స్టార్టరు కాయిలుకు కరెంటు తెగి మోటారు ఆగును. పలక పని 5 వోల్టులతోనే. మోటారు తీగలు దానికి తగులరాదు.

కరెంటు రాగానే మోటారు తనంత తానే తిరుగునట్లు మాత్రము ప్రోగ్రాము వ్రాయవలదు. ఆ సమయమున మోటారుపై చేయి వేసియున్న మనిషి గతి ఏమి? వరంగల్లు పల్లెలలో పెక్కు బోర్లు రాతినేలలోనివి. వాటి ఊట కొద్ది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో సేద్యమునకు 24 గంటల విద్యుత్తు ఇచ్చునపుడు ఆటో స్టార్టర్లను తొలగింపుడని రైతులను కోరుటకు భూగర్భజలము వృథా యగుటయే కారణము. కనుక పలకను ఆపుటకే వాడుడు. స్టార్టరు పెట్టెలోని పనిని ఎలక్ట్రీషియను చేతనే చేయించుడు.